మగ్గానికి కాపలా పెట్టిన చట్టం

పాత పాలమూరు జిల్లాలో కృష్ణా నదికి ఉత్తరపు ఒడ్డున ఒక ఆత్మకూర్ ఉంది. పాత నల్లగొండలో ఆలేరు, మోత్కూరు వైపు ఇంకో ఆత్మకూర్ ఉంది. జిల్లాల విభజన తర్వాత మొదటిది వనపర్తిలో చేరింది, రెండోది యాదాద్రి భువనగిరిలో కలిసింది. మొదటి ఆత్మకూర్ పక్కన అమరచింత ఉంది, నది దాటితే గద్వాల. అక్కడ నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు అతికిన చీరలు నేస్తారు. రెండో ఆత్మకూర్ చుట్టుపక్కల చిటికి కట్టి రంగులద్దిన పోగులతో పోచంపల్లి, పుట్టపాక రకాలు నేస్తారు. నేత పద్ధతుల్లో ఈ రెండు ప్రాంతాలకూ పోలికే లేదు. ఢిల్లీలో 1985లో వచ్చిన ఒక చట్టం మాత్రం రెంటినీ ఒకే వరుసలో నిలబెట్టింది. ఆ చట్టం కింద తయారైన జాబితాలో మొదటి వస్తువు చీర.

దాని పూర్తి పేరు చేనేత వస్తువుల ఉత్పత్తి రిజర్వేషన్ చట్టం. ఏ బట్టను ఏ మగ్గం మీద నేయాలో, దేని మీద నేయకూడదో చెప్పే చట్టమిది. దేశంలో తయారీ రంగం మీద వచ్చిన శాసనాల్లో ఇంత సూటిగా పల్లె ఇంట్లోని గుంట మగ్గం దాకా వచ్చినవి అరుదు. ఇది ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, వచ్చాక ఏమైంది అన్నది తెలంగాణ మెట్ట ప్రాంతపు చరిత్రలో పెద్ద అధ్యాయం. చరిత్ర పుస్తకాల్లో దానికి దక్కిన చోటు మాత్రం చాలా చిన్నది.

చట్టాలు లేని కాలంలో నేతకారుడికి కాపు సంస్థానమే. అమరచింత సంస్థానానికి ఆత్మకూరే రాజధాని. నిజాముకు పేష్కష్ కడుతూ తమ ఊళ్ళను తామే ఏలుకున్న సంస్థానాల్లో అదొకటి. సన్నని మస్లిన్ బట్టకు, జరీ అంచు ధోవతులకు, తలపాగాలకు ఆత్మకూర్ ఆ రోజుల్లోనే పేరుపడింది. పక్కనే ఉన్న గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ నేతగాళ్ళను ఆదరించిన కథలు స్థానికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చీర కొనేవాళ్ళు కోటలో ఉండేవారు, దేవిడీల్లో ఉండేవారు, పెద్ద రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు ఉండేవారు. గిరాకీ చిన్నదే అయినా నిలకడగా సాగేది.

గద్వాల చీర మగ్గం దగ్గర కాసేపు నిలబడి చూస్తే, ఆ తర్వాతి చట్టం దేన్ని కాపాడాలనుకుందో తెలుస్తుంది. ఒంటి పడుగు నూలు, అంచు పడుగు పట్టు. మామూలు చీరలో నాడె ఒక చివర బయల్దేరి రెండో చివరకు పోతుంది. ఇక్కడ మూడు నాడెలు నడవాలి. ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఒంటి పేక వచ్చి అంచు పేకను కలిసిన ప్రతిచోటా రెండు పోగులూ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. అంచు వెడల్పుగా ఉంటే పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. చాలా ఇళ్ళలో ఆ రెండో మనిషి భార్యో, కొడుకో. కొంగు దగ్గరికి వచ్చేసరికి ఒంటి నూలు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. ఇంత చేస్తే నూలు చల్లదనమూ పట్టు మెరుపూ ఒకే చీరలో కుదురుతాయి. మరమగ్గం ఈ పని ఇలా చేయదు. దూరం నుంచి చూస్తే ఇదే అనిపించే బట్టను మాత్రం పదో వంతు సమయంలో నేసి పారేస్తుంది. తగవంతా ఆ చూపుల పోలిక దగ్గరే మొదలైంది.

1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది. మరుసటి ఏడు ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది, సంస్థానాలూ చరిత్రలో కలిశాయి. ప్రజలకు అది విముక్తి, అందులో సందేహం లేదు. కోటకు బట్ట నేసే మగ్గాలకు మాత్రం కొనే ఇల్లు పోయింది. ఇక నేతన్న చూపు సంతవైపు, షావుకారి వైపు, ఆపైన సర్కారు వైపు మళ్ళింది.

సర్కారు అప్పటికే ఇరకాటంలో ఉంది. యుద్ధకాలపు నియంత్రణలకు కొనసాగింపుగా వచ్చిన 1948 నాటి నూలు వస్త్రాల నియంత్రణ ఉత్తర్వు చేతిలో ఉంది. దాని కింద 1950లో అంచు ధోవతులు, రంగు అంచు చీరలు, లుంగీల వంటి కొన్ని రకాలను మిల్లులు నేయకూడదని కేంద్రం ఆపింది. ఇది చాలదన్నాడు రాజాజీ. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా కూర్చున్న ఆయన చీర, ధోవతి రెండింటినీ పూర్తిగా చేమగ్గానికే వదిలేయాలని పట్టుబట్టాడు. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసులోనే ఉన్నాయి. చీరాల, మంగళగిరి, వెంకటగిరి నేతపేటల గోడు ఆ మాటల్లో ఉంది.

కేంద్రంలో వాణిజ్య, పరిశ్రమల శాఖ టి.టి. కృష్ణమాచారి చేతిలో ఉంది. రాజాజీ అడిగినంతా ఢిల్లీ ఇవ్వలేదు. సగం దారిలో ఆగి 1953లో రెండు చట్టాలు చేసింది. ఒకటి మిల్లు ధోవతి మీద: అంతకు ముందు నేసినదాంట్లో 60 శాతం దాటితే అదనపు ఎక్సైజ్ కట్టాలి. రెండోది మిల్లు బట్ట మొత్తం మీద గజానికి మూడు పైల సెస్సు. పాత లెక్కలో అణాకు పన్నెండు పైలు, అంటే ఇది పావు అణా. ఆ పావు అణా కూడితే వచ్చిన నిధితోనే దేశమంతా చేనేత సహకార సంఘాలు లేచాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ నూలు అప్పుగా ఇచ్చి, బట్ట కొనుక్కునే సంఘాలు వచ్చాయి. అంతకు ముందు నూలు ఇచ్చేదీ షావుకారే, ధర కట్టేదీ షావుకారే.

తెలంగాణలో ఈ సంఘాల వెనక నిలిచిన పేరు కొండా లక్ష్మణ్ బాపూజీ. 1915లో ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టిన పద్మశాలి. నిజాం వ్యతిరేక పోరాటంలోంచి వచ్చిన వకీలు. హైదరాబాద్ రాష్ట్ర స్థాయిలో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టాడు, అదే తర్వాత హైకో పేరుతో జనానికి తెలిసింది. చిన్నకొండూరు నుంచి, తర్వాత భువనగిరి నుంచి శాసనసభకు వెళ్ళాడు. అంటే చిటికి నేసే ఊళ్ళే ఆయన ఓటర్లు. మంత్రి పదవిలో ఉండి, 1969లో తెలంగాణ కోసం దాన్ని వదులుకున్నాడు. 2001లో టీఆర్‌ఎస్ పుట్టింది హుసేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. రాజకీయ చరిత్రకారులు ఆ ఇంటి గురించి రాసినంతగా ఆయన నూలు డిపోల గురించి రాయలేదు. పల్లెల్లో ఆయన పేరు నిలబెట్టినవి ఆ డిపోలే.

కృష్ణ అవతలి ఒడ్డున ప్రగడ కోటయ్య ఉన్నాడు. బాపూజీ పుట్టిన 1915లోనే గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టాడు. ఎన్.జి. రంగా శిష్యరికంలో రైతుకూలీ రాజకీయాలు నేర్చి, చేనేతను జీవిత వ్రతం చేసుకున్నాడు. చీరాల ఎమ్మెల్యేగా, చివరి రోజుల్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్నాడు. చీరాలకూ నల్లగొండకూ పాత చుట్టరికం ఉంది. అరబ్బు దేశాలకు ఎగుమతైన తేలియా రుమాలు నేత చీరాల నుంచే ఇటు పుట్టపాక, పోచంపల్లి వైపు వచ్చిందని నేతవాళ్ళు చెబుతారు. చీరాలలో ఆగిన ఆ పని నల్లగొండలో బతికింది. మిల్లు, మరమగ్గం నేయకూడని బట్టల జాబితా చట్టంగా రావాలి, ఉత్తర్వుగా కాదు అని దశాబ్దాలుగా కోరినవాళ్ళలో కోటయ్యది ముందు వరుస.

వాళ్ళు అలా కోరడానికి కారణం ఉంది. 1950ల విధానం మిల్లును మాత్రమే కట్టేసింది. నిత్యానంద కనుంగో కమిటీ 1954లో చేమగ్గాలను మెల్లగా మరమగ్గాలుగా మార్చాలంది, మరుసటి ఏడు కార్వే కమిటీ దానికి ఎదురుగా ఉపాధి ముఖ్యమంది. ప్రభుత్వం మిల్లుల్లో కొత్త మగ్గాలు పెరగకుండా ఆపింది. మిల్లుకూ చేమగ్గానికీ నడుమ ఎవరూ చూడని మూడోవాడు దూరాడు. నాలుగు మగ్గాల లోపు పెట్టుకున్న చిన్న మరమగ్గాల వారికి ఎక్సైజ్ మినహాయింపు దొరికింది. అంతే, పెద్ద షెడ్డునే నలుగురైదుగురి పేర్ల మీద పంచి చూపించారు. భివండి, మాలేగావ్, షోలాపూర్, సూరత్ నిండిపోయాయి. 1950ల మొదట్లో పాతికవేల లోపున్న మరమగ్గాలు మూడు దశాబ్దాల్లో లక్షల్లోకి చేరాయి.

మనసును మెలిపెట్టే విషయం ఇంకోటి ఉంది. ఆ షెడ్లలో పనిచేసిన చేతుల్లో ఎన్నో తెలుగు చేతులే. మగ్గం ఆగిన పద్మశాలి కుటుంబాలు తెలంగాణ నుంచి భివండి, షోలాపూర్‌లకు వలసపోయాయి, అక్కడే తెలుగు పేటలు కట్టుకున్నాయి. ఇంట్లో మిగిలిన అన్న గుంట మగ్గం మీద చీర నేస్తుంటే, భివండి పోయిన తమ్ముడు రాత్రి షిఫ్టులో ఆ చీరకు పోటీ బట్ట నేశాడు. ఆ షెడ్డు లాభం మాత్రం ఆ ఇద్దరిలో ఎవరిదీ కాలేదు.

1974లో బి. శివరామన్ నాయకత్వంలోని అధ్యయన బృందం ఈ సంగతినే లెక్కకట్టి చెప్పింది. ఒక మరమగ్గం వస్తే ఆరు చేమగ్గాలు పోతాయంది. మిల్లులు కొంత నూలును చిలపలుగా, అంటే చేమగ్గానికి పనికొచ్చే రూపంలో చుట్టి అమ్మి తీరాలన్న నియమం ఆ కాలంలోనే వచ్చింది. 1975లో చేనేతకు ప్రత్యేకంగా డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసు ఢిల్లీలో తెరిచారు. చట్టం మాత్రం మరో పదేళ్ళకు గాని రాలేదు.

అది 1985 మార్చిలో, రాజీవ్ గాంధీ ప్రధాని అయిన తొలి నెలల్లో వచ్చింది. చదివితే చాలా చిన్న చట్టం. చేమగ్గం అంటే ఏమిటి? మరమగ్గం కాని ఏ మగ్గమైనా. మరమగ్గం అంటే? కరెంటు వంటి యాంత్రిక శక్తితో ఆడేది. కేంద్రం ఒక సలహా సంఘం మాట విని ఫలానా వస్తువు చేమగ్గానికే అని ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ వస్తువును మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అధికారులు షెడ్డులోకి వెళ్ళి సోదా చేయవచ్చు, సరుకు పట్టుకోవచ్చు. 1986 ఆగస్టులో వచ్చిన తొలి ఉత్తర్వులో 22 వస్తువులున్నాయి. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంఖానా, కంబళి ఇలా పేదింటి నుంచి పెళ్ళింటి దాకా రోజూ కనబడేవే అన్నీ.

చట్టం వచ్చిన 1985లోనే, జూన్‌లో, అదే ప్రభుత్వం కొత్త జౌళి విధానం ప్రకటించింది. అంతవరకూ విధానాల్లో మొదటి లక్ష్యం ఉపాధి. కొత్తదాంట్లో సరసమైన ధరకు సరైన నాణ్యత గల బట్టను ఎక్కువగా తీయడం ముందుకొచ్చింది. మిల్లు, మరమగ్గం, చేమగ్గం అన్న గోడలు పలచబడ్డాయి. చేమగ్గానికి జనతా బట్ట నేసే పని పెంచుతామన్నారు, అంటే తక్కువ కూలి, ముతక రకం. మార్చిలో తెచ్చిన చట్టానికి జూన్‌లో తెచ్చిన విధానం ఎదురు నిలిచింది. ఒకే సర్కారు మూడు నెలల్లో రెండు వైపులకు లాగితే, లాగింది ఎవరినో నేతకాడికి బాగా తెలిసింది.

చట్టాన్ని అడ్డుకోవడానికి మరమగ్గాల యజమానులు కోర్టులకెక్కారు. వ్యాపారం చేసుకునే ప్రాథమిక హక్కుకు దెబ్బ అన్నారు. ఏళ్ళ తరబడి స్టేలు నడిచాయి, జాబితా కాగితం మీదే ఉండిపోయింది. ఆ మధ్యకాలంలోనే, 1991లో, నూలు ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతపేటల్లో ఆకలి చావులు నమోదయ్యాయి. అవి కోటయ్య సొంత ఊళ్ళు, ఆయన అప్పటికి రాజ్యసభలో ఉన్నాడు. ప్రధాని పీఠం మీద తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు ఉన్నాడు. తెలుగువాళ్ళకు అంత పలుకుబడి ఉన్న రోజుల్లో తెలుగు నేతగాడు ఆకలితో పోవడం ఈ కథలో అన్నిటికన్నా చేదు పుట.

చివరికి 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కుటీర పరిశ్రమలను ప్రోత్సహించాలన్న రాజ్యాంగ ఆదేశం మాట ఉండనే ఉంది. చేతిపని చేసుకుని బతికే లక్షలమందిని కాపాడటానికి ఈ పరిమితి సమంజసమేనని ధర్మాసనం తేల్చింది. నేతపేటల్లో పండగ వాతావరణమే. అది మూడేళ్ళు నిలిచింది. 1996లో కేంద్రం ఆ 22 వస్తువులను 11కు కుదించింది. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి వంటివి మిగిలాయి, సగం జాబితా పోయింది. కోటయ్య అప్పటికి లేడు, 1995 నవంబరులో కన్నుమూశాడు.

మిగిలిన పదకొండైనా నిలబడ్డాయా? చట్టం నేతను పట్టుకుంటుంది, అద్దకాన్ని పట్టుకోదు. పుట్టపాకలో ఒక కుటుంబం పోగులను గుత్తులుగా కట్టి, రబ్బరు పట్టీలు చుట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, అప్పుడు మగ్గమెక్కిస్తుంది. ఆ డిజైనును ఫోటో తీసి మిల్లు గుడ్డ మీద అచ్చు కొడితే ఒక్క పూటలో వేల గజాలు వస్తాయి. అది మరమగ్గం మీద నేసిన చిటికి చీర కాదు కాబట్టి రిజర్వేషన్ చట్టం దానికి అడ్డు రాదు. అందుకే పోచంపల్లి నేతవాళ్ళు వేరే దారి పట్టి భౌగోళిక గుర్తింపు సంపాదించారు. ఆ తర్వాత 2010లో గద్వాలకూ, అటు పిమ్మట నారాయణపేటకూ, 2020లో తేలియా రుమాలుకూ ఆ గుర్తింపు వచ్చింది. అసలు చీరకు పేరు దక్కింది, మంచిదే. దుకాణం మెట్ల మీద నకిలీని పట్టుకునే మనిషి మాత్రం దక్కలేదు. రిజర్వేషన్ చట్టానికీ అదే లోటు. ఏటా ఎన్నో మరమగ్గాలను తనిఖీ చేశామని నివేదికల్లో రాస్తారు, జైలుకెళ్ళిన వాళ్ళ పేర్లు ఎవరికీ వినబడవు.

ఒక విషయంలో ఆ చిన్న నిర్వచనం గట్టిగా పనికొచ్చింది. చిటికి చీరకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న కర్రమేకుల చుట్టూ పేక పోగును అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి, ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలి. ఆ పని ఆడవాళ్ళదే, భుజాలు పోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి బాధ చూడలేక 1999లో కరెంటుతో నడిచే ఆసు యంత్రం తయారుచేశాడు, దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్ల చీర చేనేత కాకుండా పోతుందా? పోదు. ఎందుకంటే చట్టం మగ్గాన్ని మాత్రమే చూస్తుంది, పేక సిద్ధం చేసే పనిని కాదు. మనిషి భుజానికి ఊరట దొరికింది, చీరకు చేనేత ముద్రా మిగిలింది.

ఈ తేడాను 2012 ప్రాంతంలో ఢిల్లీ చెరిపేయబోయింది. నేతలో ఒక్క దశలో మనిషి చెయ్యి పడితే చాలు, అది చేమగ్గమే అని నిర్వచనం మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. కూలి తగ్గుతుంది, ఉత్పత్తి పెరుగుతుంది అన్నారు. అదే జరిగితే మోటారు బిగించిన మగ్గాలన్నీ ఒక్క సంతకంతో చేమగ్గాలయ్యేవి, అసలైన మగ్గానికి కేటాయించిన రాయితీలూ రిజర్వేషనూ వాటికే పోయేవి. ఆసు యంత్రాన్ని చూపించి ఇదీ అలాంటిదే కదా అనడం పొరపాటు వాదన. ఒకటి మగ్గం బయట శ్రమ తగ్గిస్తుంది, రెండోది మగ్గాన్నే మార్చి పేరు మాత్రం పాతది ఉంచుతుంది. నేత సంఘాలు గట్టిగా నిలబడటంతో ఆ ప్రతిపాదన ఆగింది. 1985 నిర్వచనం అలాగే ఉంది.

నిర్వచనం నిలిచినా నూలు జారిపోతోంది. మిల్లులు నూలులో సగం చిలపలుగా ఇవ్వాలన్న నియమాన్ని 2003లో 40 శాతానికి, 2019లో 30 శాతానికి తగ్గించారు. నూలు లేని మగ్గానికి రిజర్వేషన్ ఉండి లాభమేముంది? అఖిల భారత చేనేత బోర్డును 2020 జులైలో రద్దు చేశారు, నేతకారుల ప్రతినిధులు కూర్చునే జాతీయ వేదిక అదొక్కటే. జీఎస్టీ వచ్చాక చేనేత మీదా 5 శాతం పన్ను పడింది. 2009-10 చేనేత గణనలో దేశవ్యాప్తంగా 43.31 లక్షల మంది నేత పనివారుంటే, 2019-20 గణనకు 35.22 లక్షల మందే తేలారు. వాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళే.

తెలంగాణ వచ్చాక రాష్ట్ర రాజకీయం చేనేతను మర్చిపోలేదు, మర్చిపోలేకపోయింది అనాలి. నూలు మీద రాయితీ, పొదుపు పథకం, 2022లో నేతన్న బీమా వచ్చాయి. 2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాలకు పని పెట్టాయి. ఆకలి చావులు చూసిన సిరిసిల్లకు అది న్యాయమే. కాని అంత పెద్ద సర్కారు ఆర్డరులో గుంట మగ్గానికి వాటా లేకపోవడం పాలమూరు, నల్లగొండ నేతవాళ్ళను బాధించింది. 2022 అక్టోబరులో, నేత కుటుంబాలు బాగా ఉన్న మునుగోడులో ఉప ఎన్నిక జరుగుతున్న రోజుల్లో, అప్పటి మంత్రి కె.టి. రామారావు చేనేత మీద జీఎస్టీ ఎత్తేయాలని ప్రధానికి పోస్టుకార్డుల ఉద్యమం మొదలుపెట్టాడు. కార్డులు వేలల్లో వెళ్ళాయి, పన్ను మాత్రం పోలేదు. 2024 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక సంస్థను ప్రారంభించి దానికి కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టాడు. వెంకటగిరిలోని అలాంటి సంస్థకు ప్రగడ కోటయ్య పేరు అప్పటికే ఉంది.

ఇద్దరి పేర్లూ బోర్డుల మీదికెక్కాయి. ఆ ఇద్దరూ నమ్ముకున్న రిజర్వేషన్ జాబితాలో 11 వస్తువులూ ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయి. అమరచింతలో మూడు నాడెల మగ్గం మీద కూర్చున్న కుటుంబానికైనా, పుట్టపాకలో చిటికి కడుతున్న కుటుంబానికైనా ఆ చట్టం ఇచ్చే హక్కు ఈ రోజుకీ ఉంది. దాన్ని అమలు చేయడానికి కావలసింది కొత్త చట్టం కాదు. జిల్లాకొక తనిఖీ అధికారి, ఆయనకు షెడ్డు తలుపు తట్టే ధైర్యమిచ్చే ప్రభుత్వం, చిలప నూలును మళ్ళీ సగానికి చేర్చే ఒక ఉత్తర్వు కావాలి.